బేత్సయిదా గ్రుడ్డివాడును మన ఇంటి కండ్లును

పెద్దల తరగతికి, స్త్రీల సమాజమునకు, యౌవనస్థుల కూటమునకు పాఠము
చదువవలసిన భాగములు: మార్కు 8:22–26, మార్కు 7:31–37, నిర్గమకాండము 21:26–27, లేవీయకాండము 19:14



ఈ పుటలలో సాధారణముగా విశ్వాసమును గూర్చి, కుటుంబ ప్రార్థనను గూర్చి పాఠములు వస్తుంటాయి. ఈసారి కన్ను, చెవి, ముక్కు, ముఖము అను నాలుగింటిని గూర్చి వ్రాస్తున్నాము. సంఘ పత్రికలో చెవి చీము సంగతి ఎందుకని ఎవరైనా అడిగితే, సువార్తలు తెరచి చూడమని చెప్తాము. ప్రభువు చేసిన అద్భుతములలో కండ్లకు సంబంధించినవి ఎన్ని ఉన్నవో పిల్లలచేత లెక్కపెట్టించండి. చెవి సంగతియు ఉన్నది. దెకపొలి ప్రాంతములో చెవిటివాడు ఒకడు, ఒలీవల కొండ దగ్గర ప్రధానయాజకుని దాసుడు ఒకడు. తనను పట్టుకొనుటకు వచ్చినవాని తెగిన చెవిని కూడా ఆయన అట్లే వదలిపెట్టలేదు.

మార్కు 8వ అధ్యాయములోని సంగతిని ముందుగా తరగతిలో చదివించండి. అయిదు వచనములే. మిగిలిన ముగ్గురు సువార్తికులు దీనిని వ్రాయలేదు, మార్కు ఒక్కడే వ్రాశాడు. ఆ గ్రుడ్డివాడు తనంతట తాను రాలేదు, ఎవరో తోడుకొని వచ్చారు. ప్రభువు అతని చెయ్యి పట్టుకొని ఊరి బయటికి నడిపించాడు. చేతులుంచి, ఎట్లున్నదని అడిగాడు. ఆ మనిషి ఉన్నదున్నట్లు చెప్పాడు: మనుష్యులు తెలుస్తున్నారు గాని నడిచే చెట్లవలె ఉన్నారని. అప్పుడు ప్రభువు రెండవసారి చేతులుంచాడు. రెండు విడతలలో జరిగిన స్వస్థత సువార్తలలో ఇదొక్కటే.

ఈ భాగము వచ్చినప్పుడు రెండుసార్లు ఎందుకు అను ప్రశ్నతోనే మన తరగతి కాలమంతా గడిచిపోతుంది. ఈసారి దానిని కొంచెము ప్రక్కన పెట్టి, వేరే మూడు సంగతులు చూద్దాము. అతనిని ఒకరు తీసికొనివచ్చారు. సగమే కనబడుచున్నదని చెప్పుటకు అతడు మొగమాటపడలేదు. సగముతో పని ఆగలేదు. ఈ మూడింటిలో ఏది లోపించినా ఏమి జరుగునో మా సంఘములోనే చూశాము.

మేముండునది తుంగభద్ర కాలువ క్రింది క్యాంపులలో ఒకటి. కొన్ని సంవత్సరముల క్రిందట, కోత యంత్రము దిగని బురద మడిలో కొడవలి కోత కోస్తుండగా మా సహోదరి ఒకామెకు వరి వెన్ను కంటిలో గుచ్చుకొన్నది. సాయంత్రానికి కన్ను ఎర్రబడి నీరు కారుతున్నది. పొరుగింటివారు నందివర్ధనము పూలు నలిపి రసము పిండారు. మరునాడు ఇంకొకరు చనుబాలు పోశారు. మూడవ రోజున మందుల షాపులో అడిగితే చుక్కల సీసా ఇచ్చారు. అందులో స్టెరాయిడ్ ఉన్నది. అది వేయగానే ఎరుపు, మంట కొంత తగ్గినవి. తగ్గిందనుకొని ఆమె మరల కోతకు పోయింది. నాలుగవ రోజున ఆమె మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, కంట్లో ఏదో తెల్లగా ఉందంటున్నారు, చూడండి" అన్నది. చూశాము. నల్లగుడ్డు మీద మెతుకంత తెల్ల చుక్క ఉన్నది. "ఆదివారము సంఘమంతా ప్రార్థన చేద్దాములేమ్మా, తగ్గకపోతే సోమవారము పట్నము పోవచ్చును" అని చెప్పి పంపించాము. కోతల రోజులు, కూలి పోతుందని ఆమె కూడా సరేనన్నది. సోమవారము మడి మిగిలిపోయిందని ఇంకొక రోజు ఆగారు. పెద్దాసుపత్రికి చేరునప్పటికి తొమ్మిదవ రోజు. వైద్యులు ఆ చుక్కను గీసి పరీక్షించి, బూజు వలన వచ్చిన పుండు అన్నారు. నెలకు పైగా గంట గంటకు మందు వేసి కన్ను నిలబెట్టారు గాని నల్లగుడ్డు సున్నము కొట్టినట్లు తెల్లబడిపోయింది. వెలుగు, చీకటి తప్ప ఆ కంటికి మరేమీ తెలియలేదు.

ఆదివారమని చెప్పినది మేమే. ఈ మాట వ్రాయకుండా పాఠము వ్రాయుట మాకు సరి అనిపించలేదు.

నల్లగుడ్డు మీద గడియారపు అద్దము వంటి పారదర్శకమైన పొర ఉంటుంది. అందులో రక్తనాళములు లేవు. అందుకే అది అద్దమువలె ఉన్నది, అందుకే దెబ్బ తగిలితే శరీరపు కాపలా అక్కడికి చేరుట కూడా ఆలస్యమే. వరి వెన్ను, చెరకు ఆకు, జొన్న సొప్ప గీరినప్పుడు గీతతో పాటు బూజు, సూక్ష్మక్రిములు లోపలికి పోతవి. ఆ గీత మీద ఆకు పసరు, చనుబాలు, తేనె, ఆముదము పోయుట అంటే పుండుకు ఎరువు వేయుటే. స్టెరాయిడ్ చుక్కలైతే కాపలావానిని నిద్రపుచ్చుతవి. నొప్పి తగ్గినట్లుంటుంది, లోపల బూజు పెరుగుతుంది. వైద్యుడు చూడకుండా ఎర్రకంటికి ఏ చుక్కలూ వేయరాదు. పోయినసారి మరొకరికి ఇచ్చిన సీసాలో మిగిలినది అసలే వేయరాదు.

వెంటనే చేస్తే ఏమి జరుగునో నేపాలు దేశములోని భక్తపూరులో పరీక్షించి చూశారు. ఊరి ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, కంటికి గీత పడినవారికి మామూలు యాంటీబయాటిక్ మలాము రోజుకు 3 సార్లు, 3 రోజులు పెట్టించారు. 2001లో ఆ ఫలితములు ప్రచురించారు. గాయమైన 18 గంటల లోపల మందు మొదలుపెట్టినవారిలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. ఎంత చవక మందో చూడండి. ఎటువచ్చీ కావలసినది తొందర. కాబట్టి కన్ను గీసుకొన్న రోజుననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని కంటి వైద్యుని దగ్గరకు గాని పోవలెను. ప్రార్థన దారిలో చేసికొనవచ్చును. బస్సులో చేసిన ప్రార్థన మందిరములో చేసినదానికంటె తక్కువది కాదు.

ఇక్కడ నిర్గమకాండము 21వ అధ్యాయము చదివించండి. యజమానుడు దాసుని కన్ను పోగొడితే ఆ కంటికి బదులుగా వానిని స్వతంత్రునిగా పంపివేయవలెనని ధర్మశాస్త్రము. పన్ను పోగొట్టినా అంతే. ఆ కాలములో దాసుని కంటికి అంత విలువ కట్టిన ధర్మము మనది. మన సంఘములలో ఇప్పుడు కూలివారే గాక భూమి కలవారు, మేస్త్రీలు, కంట్రాక్టులు చేయువారు కూడా ఉన్నారు. కోతకు, నూర్పిడికి, రాయి కొట్టుటకు, వెల్డింగుకు పోవువారికి కండ్లకు అడ్డు అద్దములు ఇచ్చుట వారి పని. సాదా అద్దాల వెల ఒక రోజు కూలికంటె తక్కువే. "ఇస్తే పెట్టుకోరండీ" అని మేస్త్రీలు అంటారు. నిజమే, పెట్టుకోరు. చెమటకు మసకబడుతుందని తీసివేస్తారు. రోజూ చెప్పి పెట్టించవలెను. చిన్న పిల్లలకు చదువు కూడా ఒకసారి చెప్తే రాలేదు గదా.

కంటిలో సున్నము, సిమెంటు, పురుగుల మందు పడినప్పుడు మాత్రము ఆసుపత్రికి పరుగెత్తుటకంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఎక్కడివారు అక్కడనే, ఉన్న మంచినీటితో, రెప్పలు విప్పి పట్టుకొని కనీసము 20 నిమిషములు, వీలైతే అరగంట కడుగవలెను. రెప్పల క్రింద సున్నపు రేణువులుంటే తడి గుడ్డ కొనతో తీసివేయవలెను. ఆ తరువాతనే బయలుదేరవలెను. పొగాకుతో అమ్మే సున్నపు ట్యూబులు, పొట్లములు పిల్లల చేతికి చిక్కి ముఖము మీద చిట్లుతవి. ఆ అలవాటున్న పెద్దలు కనీసము వాటిని అటక మీద పెట్టండి. అలవాటే మానితే మరీ మంచిది.

ఆ సహోదరి కథ ఇంకను ఉన్నది గాని చివర చెప్తాము. ఇప్పుడు పెద్దవారి కండ్లు.

40 దాటిన తరువాత బైబిలు చేతిని చాచి పట్టుకొని చదువుట చత్వారము. అది జబ్బు కాదు. దగ్గర చూపు అద్దాలు చాలును. 60 దాటిన తరువాత దీపము చుట్టూ వలయములు, పగటి ఎండలో కండ్లు చెదరుట, మసక – ఇవి శుక్లము కావచ్చును. లోపలి కటకము పాలుపోసినట్లు మసకబారుటే శుక్లము. చుక్కలతో గాని పథ్యముతో గాని కరగదు. దానిని తీసి, కృత్రిమ కటకము పెట్టుటే మార్గము. "శుక్లము పండనీ" అనే మాట మన ముసలివారిలో ఇంకను ఉన్నది. వెనుకటి శస్త్రచికిత్స పద్ధతిలో ఆ మాటకు అర్థముండెను. ఇప్పుడు పండవలసిన పని లేదు. మరీ పండితే కంటి ఒత్తిడి పెరిగి నొప్పితో చూపు పోవు ప్రమాదము కూడా ఉన్నది. అంధత్వ నివారణకు దేశవ్యాప్త కార్యక్రమము 1976లో మొదలైంది. దాని క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలోను, అనేక ధర్మాసుపత్రులలోను ఈ ఆపరేషన్ ఉచితము. ఆపరేషన్ తరువాత చెప్పిన వారములు చుక్కలు వేయించుకొనుట, మరల చూపించుకొనుట, అవసరమైతే అద్దాలు తీసికొనుట – బేత్సయిదాలో రెండవసారి చేతులుంచిన భాగము ఇదే. చాలామంది పట్టీ విప్పిన రోజుతో సరిపెట్టుకొంటారు. ఎట్లున్నదంటే "బాగానే ఉందయ్యా" అంటారు. సగమే కనబడుచుంటే సగమే అని చెప్పండి.

నీటికాసులు వేరు. ఇది దొంగ జబ్బు. కంటిలో ఒత్తిడి వలన నరము కొంచెము కొంచెముగా చచ్చిపోతుంది. మొదట ప్రక్క చూపు పోతుంది, ఎదుటి చూపు చివరి వరకు ఉంటుంది గనుక మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదానిని కాపాడుటకే రోజూ చుక్కలు. తండ్రికి గాని తల్లికి గాని అన్నదమ్ములకు గాని ఉంటే, 40 దాటిన పిల్లలందరు పరీక్ష చేయించుకొనవలెను. షుగరు ఉన్నవారు సంవత్సరమునకు ఒకసారి పాప పెద్దదగుటకు చుక్కలు వేయించుకొని లోపలి తెర చూపించుకొనవలెను. ఆ రోజు చూపు మసకగా ఉంటుంది గనుక బండి నడుపవద్దు, తోడు తీసికొని పోండి.

ఒక మాట వ్రాయవలెనా వద్దా అని ఆలోచించి, వ్రాస్తున్నాము. స్వస్థత కూటములకు మన వారు వెళ్తారు. మేము కూడా వెళ్ళాము. దేవుడు స్వస్థపరచునని మేము నమ్ముతాము. గాని వేదిక మీద అద్దాలు విరిచివేయుటను, "ఇక చుక్కలు వద్దు" అని సాక్ష్యము చెప్పించుటను మేము ఒప్పుకొనము. నీటికాసులు ఉన్న మనిషి చుక్కలు మానితే మొదటి నెల ఏమీ తెలియదు, సాక్ష్యము నిజమే అనిపిస్తుంది. తెలిసే వేళకు ఆ కూటము వేరే పట్నములో జరుగుతుంటుంది. ప్రభువు తాకిన మనిషికి పరీక్షంటే భయమెందుకు? బేత్సయిదాలో పరీక్షించినది ప్రభువే గదా.

ఇక చెవి. దీనిలో కూడా మా తప్పు ఒకటి ఉన్నది. పని చేయు రోజులలో మా తరగతిలో మూడవ బల్లమీద ఒక పిల్లవాడు పేరు పిలిస్తే పలికేవాడు కాదు. రెండుసార్లు పిలిస్తే "ఆఁ?" అనేవాడు. అశ్రద్ధ అనుకొని చేతి కణుపుల మీద కొట్టాము, బల్ల ఎక్కించి నిలబెట్టాము. ఒక వానాకాలము అతని ప్రక్కన వంగి లెక్క చూపుతుంటే చెవిలో దూది వాసన వచ్చింది. పసితనము నుండి రెండు చెవులలో చీము. కర్ణభేరికి రంధ్రములు. అట్టి పిల్లవానిని ముందు బల్లమీద, మన ముఖము కనబడునట్లు కూర్చుండబెట్టవలెనని శిక్షణ కళాశాలలో నేర్పారు. పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము కూడా. తరగతిలో మాత్రము జ్ఞాపకము రాలేదు. లేవీయకాండము 19వ అధ్యాయములోని ఆ వచనము చదివినప్పుడెల్ల ఆ పిల్లవాని చెయ్యి మాకు కనబడుతుంది.

చెవి కారుటను మన ఇండ్లలో జలుబుతో సమానముగా చూస్తారు. కాచిన నూనె, వెల్లుల్లి నూనె, ఆకు పసరు పోస్తారు. కర్ణభేరికి రంధ్రమున్నప్పుడు పోసినదంతా నేరుగా నడిమి చెవిలోనికి పోతుంది. చేయవలసినది చెవిని పొడిగా ఉంచుట. స్నానము చేయునప్పుడు వాజలైన్ రాసిన దూది పెట్టి, తరువాత తీసివేయవలెను. చెరువు, కాలువ ఈతలు మానవలెను. వైద్యుడు శుభ్రముచేసి చుక్కలు ఇస్తారు. రంధ్రము పూడకపోతే పొర అతికించు ఆపరేషన్ ఉన్నది. దుర్వాసనతో కారుచుంటే అది ఎముకను తినివేయు రకము కావచ్చును. చెవి వెనుక వాపు, జ్వరముతో విపరీతమైన తలనొప్పి, మూతి వంకర – వీటిలో ఏది వచ్చినా ఆ రాత్రికి ఆ రాత్రే ఆసుపత్రికి పోవలెను, మెదడుకు ప్రమాదము. పసిబిడ్డకు పాలిచ్చునప్పుడు తల కొంచెము ఎత్తుగా ఉంచండి. గుబిలి తీయుటకు పిన్నీసులు, అగ్గిపుల్లలు, దూది పుల్లలు వద్దు. గుబిలి తనంతట తాను బయటకు వచ్చునట్లే దేవుడు చెవిని చేశాడు. మనము పుల్లతో లోపలికి త్రోస్తున్నాము. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే గుబిలి అనుకొని వారములు గడుపక రెండు మూడు రోజులలో చూపించవలెను.

శబ్దము వలన పోయిన వినికిడి తిరిగి రాదు. షోలాపూరు, భివండీలలో మరమగ్గాల మధ్య పని చేయు మన సహోదరులు ఇంటికి వచ్చి గట్టిగా మాట్లాడుట అలవాటు కాదు, చెవి పోతున్న గుర్తు. చేయి చాచినంత దూరములో ఉన్న మనిషితో అరచి మాట్లాడవలసి వస్తే అక్కడి శబ్దము హాని చేయునది అని గుర్తుపెట్టుకొనండి. 85 డెసిబెల్స్ శబ్దములో రోజుకు 8 గంటలు హద్దు అంటారు. అంతకు మించితే చెవి బిరడాలు పెట్టుకొనవలెను. ఈ లెక్క చెప్పినప్పుడు మా యౌవనస్థులు తలలు వంచుకొన్నారు. మందిరములోని స్పీకరు పెట్టెల సంగతి వారికి జ్ఞాపకము వచ్చినట్లున్నది. ముందు బల్లలలో కూర్చుండునది చంటిబిడ్డలు, ముసలివారే గదా.

పెద్దవారికి వినికిడి తగ్గితే చెవిటి మేళమని నవ్వుకొంటాము. ఆమె మెల్లగా మాట్లాడుట మాని, తరువాత కూటమునకు వచ్చుట మానుతుంది. వినికిడి యంత్రము కొని ఇచ్చిన పిల్లలున్నారు. అది చాలా ఇండ్లలో ట్రంకుపెట్టెలో ఉంటుంది. మొదటి వారములలో గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు అన్నీ ఒకేసారి మీదపడుతవి. మరల తీసికొనిపోయి సరిచేయించవలెను, ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబయి బాంద్రాలో 1983లో మొదలైన అలీ యావర్ జంగ్ సంస్థ ఈ పనికే ఉన్నవి. పుట్టిన బిడ్డ చప్పుళ్ళకు ఉలికిపడకపోతే "మాటలు ఆలస్యముగా వస్తాయిలే, వాళ్ళ నాన్నకూ అంతే" అని కూర్చుండక, మొదటి నెలలలోనే పరీక్ష చేయించండి. వినని బిడ్డకు మాట రాదు. ఆ సంవత్సరములు పోతే తిరిగి దొరకవు.

ముక్కును గూర్చి కొద్దిగా. ముక్కు నుండి రక్తము కారితే తల వెనుకకు వాల్చరాదు, రక్తము గొంతులోనికి పోతుంది. కూర్చుండి ముందుకు వంగి, మెత్తని భాగమును 10–15 నిమిషములు వదలకుండా పట్టుకొని నోటితో గాలి పీల్చవలెను. పెద్దవారైతే బి.పి. చూపించుకొనవలెను. చిన్నపిల్లలకు ఒక్క ముక్కు నుండే దుర్వాసనతో కారితే లోపల చింతగింజో, పూసో ఉన్నదన్న మాట. బొత్తాము వంటి చిన్న బ్యాటరీ ముక్కులో గాని చెవిలో గాని పోతే గంటలలో కండను కాల్చివేస్తుంది, ఆగరాదు. ముక్కు దిబ్బడకు వేయు చుక్కలు 5 రోజులు దాటితే అవే దిబ్బడకు కారణమవుతవి. నశ్యమును గూర్చి మా తరమువారికి చెప్పి లాభము లేదు. పిల్లలకైనా నేర్పకుండా ఉందాము.

ముఖము. ముక్కు ప్రక్క, పై పెదవి మీద సెగ్గడ్డ లేస్తే గిల్లరాదు. అక్కడి రక్తనాళములకు మెదడుతో సంబంధమున్నది. మన ఆడపిల్లలు తెల్లబడుటకు షాపులలో కొనే ట్యూబులలో కొన్ని స్టెరాయిడ్ మలాములే. మొదట నిగారింపు వస్తుంది, తరువాత చర్మము పలుచబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు వస్తవి. దేవుడిచ్చిన చామనచాయకు మందు వేయవలసిన జబ్బేమున్నది? మూతి వంకరపోతే గాలి సోకిందని నాటు మందు వేయిస్తారు. చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా అది పక్షవాతము. గడ్డ కరిగించు మందుకు 4½ గంటలే గడువు. ముఖ నరము ఒక్కటే వాచినదైతే మొదటి 3 రోజులలో మందు మొదలుపెట్టిన మేలు. ఏదైనదీ తేల్చవలసినవాడు వైద్యుడు, ఇంటివారు కాదు. మూతపడని ఆ ప్రక్క కన్ను ఎండి పుండు పడకుండా చుక్కలు, రాత్రి పట్టీ అవసరము. గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డకు, తల్లి గ్రహణము చూచినదన్న నింద విశ్వాసుల ఇండ్లలో కూడా వింటున్నాము. గ్రహణమునకు దీనికి ఏ సంబంధమూ లేదు. పెదవిని నెలల వయస్సులోనే, అంగిలిని సుమారు సంవత్సరము వయస్సులో అతుకుతారు, ఉచితముగా చేయు ఆసుపత్రులు ఉన్నవి.

స్పర్శ లేని మచ్చ, కనుబొమలు రాలుట, చెవి తమ్మెలు మందమగుట కుష్ఠు గుర్తులు. ఇప్పుడు 6 లేక 12 నెలల ఉచిత మందుతో నయమవుతుంది. ఇట్టివారి ముఖములను తిరిగి నిలబెట్టిన పని మన పొరుగుననే జరిగింది. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠు వలన ముడుచుకొన్న చేతులకు ఆపరేషన్లు ఆరంభించాడు. చేతులు బాగైనవారికి కూడా ముఖము చూచి పని ఇవ్వకపోయిరి. అందుచేత అణగిన ముక్కును లేపుట, మూయలేని రెప్పను మూయించుట, తలమీది వెంట్రుకల చర్మముతో కనుబొమలు పెట్టుట కూడా అక్కడ చేశారు. మనిషికి ముఖమే చిరునామా అని వారు ముందుగా గ్రహించారు.

పరాయి రాష్ట్రములో ఉన్న మనకు ఇంకొక చిక్కు మాట. మా క్యాంపులో ఒక ముసలమ్మ "కండ్లు తిరుగుతున్నాయి" అంటే మనవడు దానిని మాటకు మాట కన్నడములో చెప్పాడు. వారు కంటి విభాగమునకు పంపించారు. పూట గడచిన తరువాత ఒక నర్సు తలతిరుగుడని గ్రహించి బి.పి. చూచింది. తమిళులు, కన్నడిగులు తల తిరుగుతుందంటారు, మనకు కండ్లు తిరుగుతవి! కాబట్టి వెళ్ళేముందు ఒక కాగితము మీద ఏమి జరిగింది, ఏ రోజు, ఏ కన్ను, ఏమేమి పోశారు అన్నది ఆ భాష బాగుగా తెలిసినవారిచేత వ్రాయించుకొని పోండి. పసరు పోసిన సంగతి దాచవద్దు. చెన్నపట్నములో ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నుండి ఉన్నది. మదురైలో 1976లో డాక్టర్ వెంకటస్వామి 11 పడకలతో ఆరంభించిన అరవింద్ ఆసుపత్రి, బెంగుళూరులో మింటో ఆసుపత్రి, భువనేశ్వరములో ఎల్.వి. ప్రసాద్ సంస్థ శాఖ, బరంపురము వైద్య కళాశాల, యానాము వారికి దగ్గరలో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నవి. లేనిది ఆసుపత్రి కాదు, తోడు వెళ్ళువారు.

తరగతి ముగియకముందే ఒక పని చేయించండి. మందిరములో కీర్తనల సంఖ్యలు పెట్టు పలక ఉంటుంది గదా. దానికి 20 అడుగుల దూరములో ఒక్కొక్కరిని నిలబెట్టి, ఒక కన్ను అరచేతితో మూసి, తరువాత రెండవది మూసి అంకెలు చదివించండి. రెండు కండ్లు తెరచి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటి లోపమును కప్పివేస్తుంది. మా సంఘములో ఇట్లు చేయించినప్పుడు, ఒక కంటితో ఏమీ కనబడదని ఆ క్షణమునే తెలిసికొన్నవారు ఇద్దరున్నారు. అందులో ఒకరు కీర్తనలు పాడించువారే.

ఇప్పుడు ఆ సహోదరి సంగతి. పుండు మానిన తరువాత హైదరాబాదులో ఒక ఆసుపత్రివారు, తెల్లబడిన పొరను తీసి చనిపోయినవారి కంటి పొర అతికించవచ్చునన్నారు. ఇది కొత్త విద్య కాదు. 1905లో, ఇప్పటి చెక్ దేశములోని ఒలోమోత్స్ అను పట్నములో ఎడువర్డ్ జిర్మ్ అను వైద్యుడు, సున్నము పడి రెండు కండ్లు పోయిన ఒక కూలివానికి ఈ ఆపరేషన్ చేసి ఒక కంటికి చూపు తెప్పించాడు. గాని పొర ఇచ్చువారు కావలెను గదా. మా సంఘములో నేత్రదానము మాట ఎత్తినప్పుడు, పునరుత్థాన దినమున కండ్లు లేకుండా లేవవలెనా అని ఒక పెద్దమనిషి అడిగాడు. చాలామంది మనస్సులో ఉన్న ప్రశ్నే అది, నవ్వవలసినది కాదు. సముద్రములో పోయినవారిని, అగ్నిలో కాలిన హతసాక్షులను లేపువానికి రెండు పొరలు కరవా అని మేము అడిగాము. అతడు వెంటనే ఒప్పుకొనలేదు. రెండు సంవత్సరముల తరువాత ఆయన భార్య నిద్రించినప్పుడు, కబురు చేయుమని ఆయనే అన్నాడు.

తెలియనివారి కొరకు: ప్రాణము పోయిన 6 గంటల లోపల తీసికొనవలెను. వెంటనే నేత్రనిధికి ఫోను చేసి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల క్రింద దిండు ఉంచి, ఫ్యాను ఆపవలెను. అద్దాలు పెట్టినవారు, శుక్లము ఆపరేషన్ అయినవారు, షుగరు ఉన్నవారు కూడా ఇవ్వవచ్చును. ముఖము వికారముగా ఉండదు. మేము దగ్గర ఉండి చూశాము.

మా సహోదరికి పొర ఎవరిదో చెప్పరు, ఆమె అడుగలేదు. పట్టీ విప్పిన రోజున వైద్యుడు ఏమి కనబడుచున్నదని అడిగితే, "మనుషులున్నట్టు తెలుస్తుంది, ముఖాలు తెలీటం లేదయ్యా" అన్నది. మేము ప్రక్కన ఉన్నాము. కుట్లు సరిచేసి, కొన్ని నెలలకు అద్దాలు ఇచ్చిన తరువాత ముఖములు తెలిసినవి. అప్పుడు కన్ను చెడగొట్టిన స్టెరాయిడ్ చుక్కలే ఇప్పుడు వైద్యుడు లెక్కప్రకారము వేయమన్నాడు, ఆ పొర నిలుచుటకు. ఎరుపు గాని నొప్పి గాని మసక గాని వస్తే ఆ రోజే బయలుదేరవలెను. 3 నెలలకు ఒకసారి పరీక్షకు పోవలెను, రాత్రి ప్రయాణము. తోడు వెళ్ళువారి పేర్లు వరుసగా మందిరపు గుమ్మము ప్రక్కన పలకమీద వ్రాసి ఉన్నవి. ఈ నెల వంతు మాది.